జనం మారేదాకా ఆగని మా వదిన

మా వదిన పోయిందన్న కబురు నాకు కర్మలన్నీ ముగిశాక అందింది. చెప్పడానికి వచ్చినవాడు మా చిన్నన్నయ్య. గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. జ్వరం తలకెక్కి పోయిందట. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వొస్తే ఊళ్లో మళ్లీ గొడవవుతుందని నసిగి తల దించుకున్నాడు. నేను చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నదాన్ని. ఆ పెళ్లి నాటి నుంచి మావాళ్లకు నేను వెలి. ఆవిడ కోసం ఏడవవలసిన చోట ఏడవలేకపోయాను. కనుక ఆవిడ ఎలాంటి మనిషో మీకైనా చెప్పుకోవాలనిపించింది.

మా ఊరు ద్రాక్షారామానికి దగ్గర్లో కాలువ ఒడ్డున ఉంది. ఆ రోజుల్లో దేశంలో ఎన్ని వాదాలున్నాయో మా ఇంట్లో అన్నీ ఉండేవి. మా నాన్న శాస్త్రం దాటనివాడు. మా పెద్దన్నయ్య రాజమండ్రిలో కచేరీ ఉద్యోగి, వితంతువులకు పెళ్లిళ్లు చెయ్యాలనే సంస్కర్తల పక్షం. సభల్లో బాగా మాట్లాడతాడని పేరు. అతని దగ్గరే ఉండి కాలేజీలో చదువుకుంటున్న చిన్నన్నయ్యది మూడో దారి. ముందు దొరల దగ్గర మన హక్కులు సాధించుకోవాలి, ఇంటి ఆచారాల మీద మనలో మనం కొట్లాడుకుంటే వాళ్లు నవ్వుతారు అనేవాడు. సెలవులకు అందరూ చేరితే అరుగు మీద చర్చ సాగేది. ముగ్గురూ నా గురించే మాట్లాడేవారు. నేను తలుపు వెనక కూర్చుని వినేదాన్ని. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

నాకు ఈడొచ్చింది. ఇక ఆలస్యం చేస్తే దోషమని నాన్న నా తల గొరిగించడానికి ముహూర్తం పెట్టించాడు. ఏకాదశి వెళ్లాక మంగలిని రమ్మన్నానమ్మా, అని నాతో ఎంతో మెల్లగా చెప్పాడు. ఆయన రాతిగుండె మనిషి కాడు. అలా చెయ్యకపోతే నేను నరకానికి పోతానని నిజంగా నమ్మాడు. ఆ ప్రేమను చూస్తేనే నాకు ఎక్కువ భయం వేసింది. కోపంతో చేసేవాణ్ణి బతిమాలుకోవచ్చు. ప్రేమతో చేసేవాణ్ణి ఏమని బతిమాలతాం? అన్నం సయించేది కాదు. పెరట్లో ఎవరి అడుగు చప్పుడైనా మంగలే అనుకుని గాదె వెనక నక్కేదాన్ని.

మా వదిన పెద్దన్నయ్య భార్య. ఆయన పట్నంలో ఉన్నా, ఆవిడ ఇద్దరు ఆడపిల్లలతో మా ఊళ్లోనే ఉండి అత్తమామల్ని చూసుకునేది. మడి కట్టుకుంటే గాలి కూడా తగలనివ్వదు. అన్నయ్య సంస్కరణల గురించి చెప్పబోతే, నాకవేమీ తెలియవండి అని లేచి వెళ్లిపోయేది. నాకు సాయం చేస్తుందని నేను అనుకోగలిగినవాళ్లలో ఆవిడ లేదు.

ఏకాదశికి ముందు ఒక ఉదయం నన్ను ద్రాక్షారామం గుడికి తీసుకెళ్లి ప్రదక్షిణాలు చేయించి తెస్తానని అత్తగారి దగ్గర సెలవు తీసుకుంది. పిల్లలిద్దర్నీ మా అమ్మకు అప్పగించింది. ద్రాక్షారామం రేవులో పడవ దిగాక నన్ను గుడి వైపు తీసుకెళ్లలేదు. ధవళేశ్వరం పోయే పడవ ఎక్కమంది. ఎందుకని అడిగితే, కూర్చో అంది. అంతే.

పడవలో మా ఇంటికి తద్దినాలు పెట్టించడానికి వచ్చే పురోహితుడు ఉన్నాడు. ఆయన మమ్మల్ని చూస్తూ చూస్తూ, కాసేపటికి అడిగాడు.

"గుడికని బయల్దేరారని విన్నాను. ఇది ధవళేశ్వరం పడవ కదమ్మా?"

"అవునండి. మా అమ్మకు ఒంట్లో బాగోలేదని రేవులో కబురందింది. ఈ పిల్లని ఒక్కదాన్నీ గుళ్లో వదల్లేక వెంటబెట్టుకెళ్తున్నాను," అంది వదిన.

అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు. మెడ మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన తర్వాతి లాకు దగ్గర పడవ ఆగితే దిగిపోయి, గట్టు మీద ఎవరితోనో మాట్లాడుతూ మా పడవ వైపు చెయ్యి చూపించాడు. అక్కడి నుంచి కాలువ గట్టు మీద నడిచే ప్రతి తలపాగా మా నాన్నదేననిపించింది. ఒడ్డున మనుషులు తాడు కట్టి పడవను లాగుతున్నారు. ఎంత మెల్లగా లాగుతున్నారో! వదిన పెదవులు కదులుతున్నాయి. సహస్రనామం చదువుకుంటోందనుకున్నాను. చెవి పెట్టి వింటే ఒకే నామం మళ్లీ మళ్లీ అంటోంది, ముందుకు సాగడం లేదు. మడికి భంగమని పొద్దున్నించీ గుక్కెడు నీళ్లయినా తాగలేదు.

ధవళేశ్వరంలో దిగి, రాజమండ్రి చేరి పెద్దన్నయ్య వాటా తలుపు తట్టాం. నన్ను చూసేసరికి ఆయన ముఖంలో రక్తం లేదు. సభల్లో చెప్పడం వేరు, ఇది వేరన్నాడు. నాన్న బతికుండగా ఎలా, రేపు మన ఆడపిల్లలకు సంబంధాలెలా వస్తాయన్నాడు. జనం ఇంకా కొంచెం మారాలన్నాడు. ఆయనవి ఉత్త సాకులు కావు, నిజమైన భయాలే. చిన్నన్నయ్య కిటికీ దగ్గర నిలబడి, ఇది సమయం కాదు అన్నాడు.

వదిన అంతా విన్నాక, "జనం మారేదాకా మంగలి ఆగడు కదండి," అంది.



మర్నాడు నాన్న వచ్చాడు. పురోహితుడు చెప్పేశాడు కాబోలు. వెంట మా ఊరి పెద్దలున్నారు. ఇంట్లోకి రాలేదు. వీధిలో ఎండలో నిలబడ్డారు. ఇరుగుపొరుగు చేరారు. ఎవరో తలుపు మీదికి రాయి విసిరారు. అన్నయ్య గది మధ్యలో నిలబడిపోయాడు. నేను వంటింట్లో గోడకు అతుక్కుపోయి, ఇప్పుడు లాక్కుపోతారు, ఇప్పుడు లాక్కుపోతారు అనుకుంటున్నాను.

కాపురానికి వచ్చినప్పటి నుంచి వదిన మామగారి ఎదుట పడి మాట్లాడి ఎరగదు. ఆ రోజు తలుపు తీసి గడప మీద నిలబడింది.

"తీసుకొచ్చింది నేనండి మావగారూ. మీ అబ్బాయికి తెలియదు. దాన్ని ఇవ్వను."

నాన్న ఆవిడ వైపు చూడలేదు. ఇవాళ్టితో నాకు కూతురు లేదని అందరికీ వినపడేలా చెప్పి వెనుదిరిగాడు. వదిన లోపలికి వచ్చి నా తల నిమిరి, చెంగు సవరించుకుని, ఆయన వెనకే నడుచుకుంటూ పడవ రేవుకు వెళ్లిపోయింది. పిల్లలక్కడున్నారు మరి. ఆ గుంపు వెనక ఒంటరిగా వెళ్తున్న ఆవిడను ఏం చేస్తారోనని కనుమరుగయ్యేదాకా చూశాను.

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. చాలా రోజులు ఎవరూ ఆవిడతో మాట్లాడలేదట. ఆఖరికి ఊరందరి ముందూ ప్రాయశ్చిత్తం చేయించారు. ఆడపిల్లల కోసం చేసుకుంది. కొన్నాళ్లకు సంస్కర్తల ఇంట్లో నాకు పెళ్లయింది. వీధి చివర పోలీసులను కాపలా పెడితే తప్ప ముహూర్తం జరగలేదు. వరుడు బడిపంతులు, నెమ్మదస్తుడు. పెళ్లికి పెద్దన్నయ్య వచ్చాడు, వదిన రాలేదు.

ఆ తర్వాత మేం కలుసుకున్నది గోదావరి గట్టు మీదే. స్నానానికని రాజమండ్రి వచ్చినప్పుడల్లా కబురు పెట్టేది. ఇంటికి రాదు, నా చేతి నీళ్లు ముట్టదు. నీళ్లలో దిగకముందు మాత్రం మెట్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా జడ విప్పి, చిక్కు తీసి, మళ్లీ అల్లేది. అటూ ఇటూ చూస్తూనే అల్లేది. తర్వాత తలారా స్నానం చేసి మడితో వెళ్లిపోయేది.

ఒకసారి అడిగాను, నువ్వు చేసింది పాపమనుకుంటున్నావా వదినా అని.

"పాపమేనేమో. అయితే నేను పడతాను. నువ్వు జుట్టు దువ్వుకో," అంది.

ఆవిడ వేళాకోళమాడలేదు. నరకమంటే ఆవిడకు నిజంగా భయం. కూతుళ్ల పెళ్లిచూపులు వచ్చిన ప్రతిసారీ ఎవరు నా సంగతి ఎత్తుతారోనని నిద్రపోయేది కాదు. ఆ భయం పోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, పోనూ లేదు. దాన్ని వెంటబెట్టుకునే బతికింది. ఇప్పుడు చిన్నన్నయ్య పెద్ద ప్లీడరు. విదేశీ బట్ట వదిలెయ్యాలని, దేశమంతా ఒక్కటి కావాలని మైదానాల్లో ఉపన్యాసాలిస్తాడు. నేనూ వెళ్లి విన్నాను. మంచి మాటలే. ఆ దేశంలో మా వదిన కూర్చున్న మెట్టు ఎక్కడుందో మాత్రం వెతుక్కున్నాను.

కబురు తెలిసిన వారంలోనే మా ఊరు వెళ్లాను. మావారు వస్తానన్నా వద్దన్నాను. నేను రావడం చూసి బిందెలతో వస్తున్న ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. నాన్న పోయాక ఊరు చేరిన పెద్దన్నయ్య అరుగు మీద ఉన్నాడు. ముసలివాడైపోయాడు. రమ్మనలేక, పొమ్మనలేక, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. నేను అరుగు చివర కూర్చున్నాను. లోపల వదిన పెద్దకూతురి అత్తవారి తరపు మగవాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. లేచి వెళ్లిపోదామనుకున్నాను.

అప్పుడు ఆ మేనకోడలు గుమ్మంలోకి వచ్చింది. పెళ్లీడు కూతురున్న మనిషి. వీధి ఆ చివరా ఈ చివరా చూసింది. వచ్చి, నా పక్కనే, నన్ను ఆనుకుని కూర్చుంది.  ఎదురింటి తలుపు ఓరగా తెరుచుకుంది. దాని పక్కది కూడా. లోపలి గొంతులు ఆగిపోయాయి. మేనకోడలు లేవలేదు.