నంద్యాల బర్మావాళ్ల వీధిలో చేపల చారు

మా అత్త అన్నం మానేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. డెబ్బైల చివరి మాట ఇది. అప్పుడు మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. ఆమె ఇరవై ఏళ్లు రంగూన్‌లో కాపురం చేసి, మనవాళ్లను అక్కడినుంచి పంపించేసినప్పుడు ఒట్టి చేతులతో వచ్చిన మనిషి. జ్వరం తగ్గి నెల దాటినా నోట్లోకి ముద్ద పోవడం లేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పాడు. చేరిస్తే మళ్లీ ఇంటికి రాదేమోనని నా భయం. నంద్యాలలో నూలు మిల్లు పనికి వచ్చిన బర్మా కుటుంబాలున్నాయని, అందులో ఒకామె రంగూన్ తిండి వండి అమ్ముతుందని పక్కింటివాళ్లు చెబితే, మరునాడే అత్తను బయలుదేరదీశాను.

ఎనిమిది గంటల బస్సు ఎక్కాం. టికెట్టు మనిషికి రెండు రూపాయల చిల్లర. సిరివెళ్ల మీదుగా గంటన్నర ప్రయాణం. వాంతి అవుతుందేమోనని నిమ్మకాయ, దాహమేస్తుందేమోనని చెంబు, చలి పెడుతుందేమోనని దుప్పటి పెట్టుకున్నాను. ఎండాకాలమని దారిలో గుర్తొచ్చింది. నంద్యాల బస్టాండులో జట్కా మాట్లాడుకున్నాను.

"బర్మావాళ్ల హోటలుకు పోవల్లప్పా. పాములు గీములు కలిపి వండుతారంట, నిజమా?"

"రోజూ ఆడ్నే తింటాండా," అన్నాడు జట్కా సాయిబు. "బుస కొడ్తాండానా?"

రైల్వే స్టేషను అవతల రేకుల ఇళ్లు పది ఉన్నాయి. చెంపలకు గంధంలాంటిది పూసుకున్న ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని చుట్టలు చుడుతున్నారు. హోటలంటే ఒక వసారా, రెండు బెంచీలు. నడిపే అప్పలనర్సమ్మ పెద్దలది శ్రీకాకుళం వైపు, ఆమె పుట్టింది రంగూన్‌లో. గిన్నె ముప్పావలా, చారు మాత్రం ఎంత అడిగితే అంత. బియ్యపు సేమ్యాల మీద చేపల చారు, అందులో అరటి దూట ముక్కలు. దాన్ని మొహింగా అంటారట. కారం, నిమ్మబద్దలు పక్కన పెడితే ఎవరికి కావలసినంత వాళ్లే కలుపుకోవాలి.

నేను అత్త గిన్నె నా ముందుకు లాక్కుని వేళ్లతో వెతకడం మొదలుపెట్టాను.

"ఏటమ్మా ఎతుకుతున్నావు?" అంది అప్పలనర్సమ్మ.

"ముల్లు. గొంతులో ఇరుక్కుంటే నేనేం జేసేది?"

"ముళ్లు తీసేసి సేపను మెత్తగా నూరి కలిపేస్తాం. సాయంత్రం దాకా ఎతికినా దొరకదు. సల్లారిపోతంది, ఆమెకిచ్చీ."

అప్పటికే చల్లారింది. అత్త ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకు జరిపింది. 

"ఏందత్తా, బాగలేదా?"

"నిమ్మగడ్డి యాడ?" అత్త నన్ను కాదు, వంటామెను అడిగింది.

"ఈ ఊర్లో దొరకదమ్మా. ఏళ్ల తరబడి అది నేకుండానే వండుతున్నాను."

"దొరక్కపోతే నిమ్మాకులు నలిపి ఎయ్యల్ల. ఆ మాత్రం తెలీదా?"

అప్పలనర్సమ్మకు కోపం వస్తుందేమోనని నేను లేవబోయాను. ఆమె నవ్వి బర్మా భాషలో ఏదో అంది. అత్త అదే భాషలో జవాబిచ్చింది. నేను కోడలుగా వచ్చినప్పటినుంచి ఆ నోట ఆ భాష వినలేదు. చూస్తుండగానే అత్త కొంగు బిగించి వంటింట్లోకి నడిచింది. పెరట్లోంచి ఆకులు తెప్పించింది, చారు మళ్లీ పొయ్యి మీదికెక్కించింది. నెల రోజులుగా ఆమె పొయ్యి దగ్గరికి పోయింది లేదు.

"అత్తా, రెండు గంటల బస్సు," అన్నాను గడప దగ్గర నిలబడి.

"బస్సు రోజూ ఉంటాది. కూచ్చో."

మూడు గిన్నెల్లో తనే పోసింది. అప్పలనర్సమ్మ నిలబడే తాగి, "మాయమ్మ సేసినట్టుంది," అంది. అత్త గిన్నె ఖాళీ చేసి ముందుకు చాపింది. "ఇంగ రొంత పొయ్."

నాలుగు గంటల బస్సుకు తిరిగి వచ్చాం. ఆసుపత్రి అవసరం రాలేదు. ఆ తర్వాత ప్రతి గురువారం నంద్యాలకు పోయేవాళ్లం, ఆమె తినడానికంటే వంట దిద్దడానికే ఎక్కువ. ఏం తింటావని నెల రోజులు బతిమాలాను గానీ, అక్కడ ఏం వండేదానివని ఒక్కసారి కూడా అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఎక్కడినుంచో వచ్చి స్థిరపడినవాళ్ల హోటళ్లు మీ దగ్గర్లోనూ ఉండవచ్చు. అలాంటి చోట పదకొండు దాటితే చారు అయిపోతుంది, పెందలాడే పోండి. పెద్దవాళ్లను తీసుకుపోతే మాత్రం, వంటిల్లు కనిపించే చోట కూర్చోబెట్టండి.