గది చప్పుడు

కత్తెరక్క చేత చీవాట్లు తినకుండా ఆ రేడియోలో వాలంటీరు అయినవాళ్లు ఒక్కరూ లేరు. హార్డ్‌వేరు కొట్టు మీద రెండు గదుల్లో నడిచే చిన్న రేడియో అది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకు పాత బొంత, బల్ల మీద రెండు మైకులు. జీతం లేని పనికి ఇన్ని తిట్లా అని కొత్తవాళ్లు మొహం ముడుచుకునేవారు. ఆమె పగలంతా బట్టలు కత్తిరించి కుట్టేది, సాయంత్రం అక్కడికొచ్చి జనం మాటలు కత్తిరించి కుట్టేది. రెంటికీ కలిపి ఆ పేరు స్థిరపడిపోయింది.

"మైకును ముద్దుపెట్టుకోకు, జానెడు దూరంలో కూర్చో. కాగితం గరగరలాడించకు. అంటే అంటే అంటూ నమలకు."

ఇవన్నీ పైపై పాఠాలు. ఆమెకు ప్రాణమైన పాఠం ఇంకొకటుంది. ఎవరితో మాట్లాడించినా సరే, మాటలయ్యాక అందరూ నోరు మూసుకుని ఆ గదిని కాసేపు ఊరికే రికార్డు చేయాలి. ఫ్యాను, గడియారం, వీధి, ఏదుంటే అది. మాటలు కత్తిరించి అతికించినచోట ఆ గది చప్పుడును కింద పరిస్తే అతుకు కనబడదు. "లైనింగు లేని కోటూ, గది చప్పుడు లేని మాటా ఒకటే. మనిషి నూతిలోంచి మాట్లాడినట్టుంటుంది" అనేది. తెలివైన పాఠమే, కాదనడానికి లేదు. ఆ పాఠమే ఒక ఆడదాని ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ ఆడదాన్ని గుండీలమ్మ అనే పిలిచేవారు. ఇంట్లో కూర్చుని రెడీమేడ్ చొక్కాలకు గుండీలు కుట్టేది. ఒక సాయంత్రం పాటల కార్యక్రమానికి ఫోను చేసి, పాట అడగలేదు. "ఇది పక్కింటివాళ్ల ఫోను. తిరిగి చెయ్యకండి. ఒక్కసారి ఎవరైనా నా మాట వింటారా?" అంది. ఫోను ఎత్తింది కత్తెరక్కే. ఊరుకోగల మనిషి కాదు కాబట్టి తన టైలరు కొట్టు గుర్తులు చెప్పి, కుదిరినప్పుడు వచ్చెయ్ అంది.

మర్నాడే వచ్చింది, చెప్పుల్లేకుండా. మెడ మీద కమిలిన వాత సన్నగా, గుండ్రంగా తిరిగి ఉంది. కత్తెరక్కకు ఆ వాత ఎలా పడిందో ఎవరూ చెప్పక్కర్లేదు. కుట్టుమిషను చక్రానికి తగిలించే తోలు బెల్టు అది. ఈమె మొగుడు మిషన్ల మెకానిక్కు. ఊళ్లో ఉన్న ప్రతి కుట్టుమిషను కడుపులోనూ అతని చెయ్యి పడింది, కత్తెరక్క మిషనుతో సహా. ఆమె మిషను తొక్కినప్పుడల్లా టక్కుమని ఒక చప్పుడు చేస్తుంది. దాన్ని పోగొట్టడానికి చాలాసేపు కుస్తీపట్టి, చివరికి నవ్వేసి, "ఇది పోదక్కా, దీని పుట్టుమచ్చ. కళ్లు మూసుకున్నా నీ మిషనును గుర్తుపడతా" అని వెళ్లాడు. మంచివాడు, మాటకారి అని అప్పట్లో ఆమే నలుగురికీ చెప్పింది.

గుండీలమ్మను కొట్టు వెనక గదిలో దాచారు. ముందు గదిలో కోడలు అత్త మిషను మీద కుడుతూ వచ్చేపోయేవాళ్లను చూసుకుంటోంది. మెకానిక్కు ఊరంతా గాలిస్తున్నాడు గాని, పెళ్లానికి కత్తెరక్కతో పరిచయం ఉందని అతనికి తెలియదు. గుండీలమ్మకు మిగిలిన రక్ష అదొక్కటే. ఇదివరకు పోలీసులు రాజీ చేసి పంపిన రాత్రే ఆమె పక్కటెముక విరిచాడు. ఈసారి దొరికితే చంపేస్తానని పక్కింటివాళ్లకు చెప్పి మరీ తిరుగుతున్నాడు.

"నా పేరు లేకుండా చెప్తానక్కా. నా ఏడుపు వీధి వీధంతా విన్నది. నా మాట మాత్రం ఎవరూ వినలేదు" అంది గుండీలమ్మ.

వెనక గదిలోనే రికార్డరు పెట్టారు. ముందు గదిలోంచి కోడలు, "మిషను ఆపనా అత్తయ్యా?" అని అడిగింది.

"ఆపకు. గదికి ప్రాణం ఉండాలి" అంది కత్తెరక్క.

గుండీలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బెల్టు సంగతి చెప్పింది. ఇస్త్రీపెట్టె తొడమీద పెట్టి, పెళ్లాం అరిచేదాకా ఎదురుచూశాడని చెప్పింది. ఒకరోజు చొక్కాలు ఆలస్యమయ్యాయని ఆమె చూపుడువేలు సూది కింద పెట్టి, చక్రం చేత్తో తిప్పాడట, నెమ్మదిగా, ఒక్కో కుట్టూ. "కుట్టుకునే వేలు కదా, దానికీ కుట్ల రుచి తెలియాలన్నాడు." కత్తెరక్క కళ్లు తుడుచుకుంటూనే మైకు సరిచేసింది. మాటలయ్యాక అందరూ మాట్లాడకుండా కూర్చుని గదిని రికార్డు చేశారు. ముందు గదిలో మిషను టకటకా సాగుతూనే ఉంది.

స్టూడియోలో కత్తెరక్క పని చూసి తీరాల్సిందే. పేర్లు కోసేసింది, వీధి కోసేసింది. గొంతును కంప్యూటరులో మార్చి, కన్నతల్లి కూడా పోల్చుకోలేనంత బొంగురు చేసింది. అతుకుల కింద గది చప్పుడు పరిచింది. వయసులో తనే పెద్దయినా అందరిలాగే అక్కా అని పిలిచే రిటైర్డు బస్సు కండక్టరు, కొత్త వాలంటీరు, పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాడు.

"అక్కా, వెనక ఆ టకటక ఎందుకు? తీసేస్తే పోదా?"

"ఇది టిక్కెట్లు చింపినట్టు కాదు. తీసేస్తే అతుకులన్నీ బయటపడతాయి. చూసి నేర్చుకో."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? కత్తెరక్క తిరిగి కొట్టుకు వచ్చాక గుండీలమ్మ కూడా అడిగింది, "ఒకసారి నాకు వినిపించవా అక్కా?" అని. "రేపు రేడియోలోనే విందువుగానిలే, బాగా వచ్చింది" అంది. ఎంత పొగరు చూడండి. జాకెట్టు కుడితే ఒంటిమీద వేసి చూడకుండా ఎవరికీ ఇవ్వని టైలరు, ఒక మనిషి బతుకును మాత్రం ఆ మనిషికి చూపించకుండానే ఊరికి ఇచ్చేసింది.

మర్నాడు కోడలితో సహా ముగ్గురూ వెనక గదిలో రేడియో దగ్గర కూర్చున్నారు. బొంగురు గొంతు మొదలైంది. కత్తెరక్క మెచ్చుకోలు కోసం గుండీలమ్మ మొహంలోకి చూసింది. ఆ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా. టక్కు."

"ఏ టక్కు?"

"నీ మిషను టక్కు. ఆయన దుకాణంలో రోజంతా మీ రేడియోనే మోగుతుంది. వినేశాడు. అక్కా, వినేశాడు!"

కోడలు షట్టరు దించడానికి ముందు గదిలోకి పరుగెత్తింది. షట్టరు సగం దిగేసరికి దాని కింద నుంచి ఒక సుత్తి లోపలికి వచ్చింది, దాని వెనక అతనొచ్చాడు. కోడలిని అడ్డంగా తోసేసి, ఆమె చెయ్యి బల్లమీద ఆనగానే ఆ చేతిమీద సుత్తి దించాడు. వేళ్లు విరిగిన చప్పుడు వెనక గదిలోకి వినిపించింది. అప్పుడతను తీరిగ్గా మిషను ముందు వంగి, చక్రం ఒక్కసారి చేత్తో తిప్పాడు. టక్.

"చెప్పాగా అక్కా, ఇది పోదని."

రేడియోలో గుండీలమ్మ గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇస్త్రీపెట్టె దగ్గరికి వచ్చింది కథ. అతను వెనక గది తలుపు తన్నాడు. అడ్డొచ్చిన కత్తెరక్కను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పెళ్లాన్ని గుడ్డల మూటల్లోంచి కాలుపట్టి ఈడ్చాడు. "ఊరందరికీ చెప్తావే? నా పెళ్లానివై నా గురించి చెప్తావే?" అంటూ ఎడమ చెవిమీద సుత్తితో కొట్టాడు. ఆమె అరవలేదు. మళ్లీ ఎత్తాడు. ఈసారి నడినెత్తికి గురిపెట్టాడు.

కత్తెరక్క చేతికి కత్తెర తగిలింది. కోటు గుడ్డ కోసే పెద్ద కత్తెర. లేచింది, రెండు చేతులా పట్టుకుంది, అతని భుజం కీలులోకి దించింది. దించి ఊరుకోలేదు. అతను సుత్తి వదిలేదాకా తిప్పింది. నెత్తురు ఆమె మొహంమీద చిమ్మింది. అతను జంతువులా అరుస్తుంటే ఆమెకు జాలి కలగలేదు, భయమూ కలగలేదు, ఇంకా లోతుకు దించాలనిపించింది. పక్క కొట్లవాళ్లు వచ్చి ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. షట్టరు బయట నిలబడ్డ జనం అంతసేపూ రేడియోలో గుండీలమ్మ కథ, లోపల గుండీలమ్మ కథ, రెండూ ఒకేసారి విన్నారు. ఈసారి పోలీసులు రాజీ మాట ఎత్తలేదు.

గుండీలమ్మ బతికింది. ఎడమ చెవి పోయింది. ఆసుపత్రి మంచంమీద కళ్లు తెరిచాక కత్తెరక్కతో అన్న మొదటి మాట ఇది:

"నా గొంతు నాకే తెలియకుండా మార్చేశావు. నీ మిషను గొంతు మాత్రం నీకు ముద్దొచ్చింది, కదక్కా?"

ఊరంతా కత్తెరక్కను ధీరురాలంది. అన్నప్పుడల్లా ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. పాఠాలు చెప్పడం మానేసింది. ఇప్పుడు కొత్తవాళ్లకు కండక్టరే చెబుతున్నాడు. ఆయన మొదటి పాఠం చిన్నది: మాట్లాడిన మనిషి ముందు వినాలి, ఆ తర్వాతే ఊరు వినాలి.

మొగుడికి జైలుశిక్ష పడ్డాక గుండీలమ్మ తనంతట తానే స్టూడియో మెట్లెక్కింది. ఈసారి తన పేరుతో, తన గొంతుతో చెప్పింది. కత్తెరక్క మైకు పట్టుకుంది గాని నోరెత్తలేదు. అంతా అయ్యాక హెడ్‌ఫోను తీసి ఆమె చేతికిచ్చింది. గుండీలమ్మ దాన్ని మంచి చెవికి నొక్కిపట్టి, కళ్లు మూసుకుని మొదటినుంచి చివరిదాకా వింది. ఒకచోట వేలెత్తింది, సూది మచ్చలున్న వేలు.

"ఇక్కడ ఆపు. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు."

కత్తెరక్క తల దించుకుంది. "నేనే."

"కత్తిరించెయ్ అక్కా. ఇది నా కథ."

కత్తెరక్క కత్తిరించింది. అతుకు స్పష్టంగా వినిపించింది. గుండీలమ్మ బాగుందంది, అలాగే వదిలేశారు.