మూడో లెవల్‌కు తొవ్వ

ఆదివారం అన్నాలయ్యాక మా క్వార్టర్ ముందుగదిలో చాప పరిచి కథ ఆట ఆడేవాళ్ళం. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్ళు అందులో మనుషులై "నేను గిట్ల చేస్త" అంటారు. చేసింది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. నడిపించేది మా తమ్ముడు. డిప్లొమా హాస్టల్లో నేర్చుకొని వచ్చాడు. బొగ్గుబాయిలో వాడు సర్దార్, అంటే షిఫ్టులో దిగినవాళ్ళ క్షేమం వాడి మీద ఉంటుంది. అందుకని ఆటలోనూ సర్దార్ అనే పిలిచేవాళ్ళం.

ఆడేది ముగ్గురం: నేను, అన్న భార్య అయిన మా వదిన, పక్క క్వార్టర్ చాచా. చాచా బాయిలో పంపు నడిపి రిటైరైన మనిషి.

పోయిన వానాకాలం మూడో లెవల్‌లో, అంటే పైనుంచి మూడో అంతస్తులో, అన్న పనిచేస్తున్న చోట బాయి కప్పు కూలింది. ఆ షిఫ్టులో తమ్ముడూ ఉన్నాడు. పైకి వచ్చి వదినతో ఒకటే మాట అన్నాడు, "ఎంటనే పాణం పోయింది వదినా, నొప్పి తెల్వలే" అని. ఆ తర్వాత వాడి నోట మాట కరువైంది. డ్యూటీకి పోతున్న అనేవాడు, వచ్చిన అనేవాడు, అంతే. నేను రోజూ సాయంత్రం దీపం పెట్టి, అన్నను నొప్పి లేకుండా తీసుకున్నావు స్వామీ అని దండం పెట్టుకునేదాన్ని. చెప్పుకోవడానికి అదొక్కటే దొరికింది.

పెద్దకర్మ అయ్యాక బియ్యం ఏరుతూ వదిన నాతో అంది: "ఆఖరి తానం పోసేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్న. ఏళ్ళ కణుపులు ఒలిసిపోయి ఉన్నయి. బండ మీద కొట్టిండు చెల్లె. పాణంతోనే ఉండి కొట్టిండు. ఎవలన్న ఇన్నరో, ఒక్కడే కొట్టుకుంట పోయిండో, గదొక్కటి తెలిస్తే చాలు."

"తమ్ముణ్ణి అడుగరాదు వదినా."

"అడిగిన. లేచి బయటికి పోయిండు."

ఆట మొదలుపెట్టింది మటుకు వాడే. మూతబడ్డ పాత బాయిలోకి మేం దిగాలి. బాయి దిగేవాళ్ళంతా ల్యాంప్‌రూంలో దీపం తీసుకొని, పైకొచ్చి తిరిగి ఇస్తారు. కథలో ఒక దీపం తిరిగి రాలేదు. ఆ మనిషిని వెతకాలి. వాడు ఏ కథ ఎంచుకున్నాడో వాడికి తెలుసో లేదో నాకు తెలియదు. వాడికి మాట తిరిగి వచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుని కూర్చున్నాను. వదిన కూడా నా పక్కన వచ్చి కూర్చుంది.

పాత క్యాలెండర్ అట్టను నిలబెట్టి, దాని వెనక పాచిక వేసేవాడు. ఎంత పడిందో మాకు కనిపించదు. ఎడమకు పోతే నీళ్ళు. కుడికి పోతే గ్యాసు. వదిన ప్రతి వారం మూడో లెవల్‌కు పోతానంటుంది. ప్రతి వారం అక్కడ కొత్తగా ఒక గోడ లేస్తుంది. చివరికి అందరం క్షేమంగా బయటపడి బాయి గేటు దగ్గరి చాయ్ హోటల్లో కూర్చుంటాం.

చాచా ఊరుకునే మనిషి కాదు. "అరె సర్దార్ సాబ్, ఏ తొవ్వల పోయినా నీ చాయ్ హోటల్‌కే తేలుతున్నం. ఆ హోటలోడు నీకేమన్న చుట్టమా?"

"పాచిక గట్ల పడ్డది చాచా."

"నీ పాచిక గూడ నీ తీర్గనే మూగదైంది."

ఎటు పోతామన్నా తను అనుకున్న చోటికే ఇలా నడిపించడాన్ని ఈ ఆట ఆడేవాళ్ళు రైల్‌రోడింగ్ అంటారని తమ్ముడే ఒకప్పుడు చెప్పాడు. మా బాయిలో అయితే బొగ్గు నింపే టబ్బుకు తాడు కట్టి లాగడం. టబ్బు పట్టాల మీదే పోతుంది, ఎటు పోతావని దాన్నెవరూ అడగరు. ఒకే దారిలో పోయే కథ వేరు. బాయి దిగే దారీ ఒకటే. కానీ మనిషి తన కాళ్ళ మీద దిగుతాడు, ఆగుతాడు, కర్రతో కప్పు కొట్టి చూస్తాడు. గట్టిగా మోగితే ముందుకు, డొల్లగా పలికితే వెనక్కి.

నాన్న పాఠం కూడా అలాంటిదే. చిన్నప్పుడు ఆయాసం వల్ల నేను బడికి పోలేదు. నాన్న డ్యూటీ దిగి వచ్చి పాఠాలు చెప్పేవాడు. పాఠాల వరస తప్పేవాడు కాదు. కానీ నేను ఎందుకని అడిగితే అక్కడే ఆగి, ఆ ప్రశ్న ఎంత దూరం పోతే అంత దూరం నాతో వచ్చేవాడు. నోము కథ కూడా ఏడాదికోసారి అదే కథ. ముగింపు తెలిసే అక్షింతలు పట్టుకొని కూర్చుంటాం. మా ఆటకూ ముగింపు తెలుసు. దీపం తిరిగి ఇవ్వనివాడు పైకి రాడు. వాణ్ణి బతికించమని వదిన అడగలేదు. అక్కడిదాకా నడవనిమ్మంది.

ఒక ఆదివారం వాడు మళ్ళీ గోడ కట్టబోతుంటే ఆమె ఆపింది.

"తమ్మీ, గోడ గాదు. బండ కూలింది, గంతేగా?"

వాడు పాచికను చేతిలోకి తీసుకున్నాడు.

"కప్పు కొట్టి చూస్తున్న. ఎట్ల మోగుతుంది?"

"...గట్టిగనే."

"గట్లయితే ముందుకు పోతున్న. కూలిన బండ కాడికొచ్చిన. కర్రతోని బండ మీద కొడుతున్న. అవతలికెల్లి చప్పుడు వస్తదా?"

వాడి చేతిలో పాచిక ఉంది. వెయ్యడం లేదు. చాచా నవ్వబోయి మా ముఖాలు చూసి ఆగిపోయాడు. నేను అట్టను తీసి పక్కన పెట్టాను. వాడు అడ్డుచెప్పలేదు.

"పాచిక ఎయ్యి తమ్మీ. లేకుంటే నువ్వే చెప్పు."

వాడు పాచికను చాప మీద పెట్టేశాడు. "వస్తది వదినా."

"ఎవలన్న ఇన్నరా?"

"నేనిన్న."

"నువ్వు కొట్టింది ఆయనకు ఇనవడ్డదా?"

"నేను రెండు కొడితే రెండు కొట్టిండు. మూడు కొడితే మూడు."

"ఎప్పటిదాంక?"

"రెస్క్యూ వాళ్ళు దిగేదాంక కొట్టిండు. ఆ తర్వాత నేనొక్కణ్నే కొట్టిన."

అప్పుడే పక్కన, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగింది. వంటింట్లో గిన్నెలు కదిలాయి, చాప మీద పాచిక పొర్లింది. మామూలుగా అయితే బ్లాస్టింగ్‌కు పడ్డది లెక్కకు రాదని చాచా గొడవ పెట్టుకునేవాడు. ఆ రోజు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎంత పడిందో ఎవరూ చూడలేదు.

వదిన ఏడవలేదు. "మరి ఎంటనే పోయిండని ఎందుకు చెప్పినవ్?" అంది.

"నువ్వు ఆ చప్పుడు ఇనుకుంట బతకొద్దని."

"కణుపులు చూసిన కాడికెల్లి ఆ చప్పుడు ఇంటనే ఉన్న తమ్మీ. ఇయ్యాల్టిదాంక ఒక్క చెయ్యే కొట్టినట్టు ఇనవడ్డది."

ఆమె లేచి వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికేసుకుంది. తమ్ముడు తల ఎత్తలేదు. వాడి కుడిచెయ్యి చాప మీద వేళ్ళు ముడుచుకొని ఉంది.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చున్నాను. నొప్పి లేకుండా తీసుకున్నావన్న మాట నోట రాలేదు. నెలల తరబడి జరగని దానికి దండం పెట్టాను. వేరే మాట కోసం వెతుక్కుంటే ఒకటే దొరికింది: బండకు ఇవతల తమ్ముణ్ణి పెట్టినందుకు. అంటూనే మధ్యలో ఆగాను. ఆ చప్పుడు ఆగిన తర్వాత కూడా వాడు కొడుతూనే ఉన్నాడు, ఇంకా కొడుతున్నాడేమో కూడా. సగం మాట మింగి దండం పెట్టాను. దేవుడు ఆ సగాన్నే తీసుకున్నాడని అనుకుంటున్నాను.

తర్వాతి ఆదివారం తమ్ముడు చాప పరచలేదు. వదిన పరిచింది. చాచాను కేకేసి పిలిచింది.

"సర్దార్, మూడో లెవల్‌లున్నం. ఆడికెల్లి చెప్పు."

వాడు వచ్చి కూర్చున్నాడు. అట్ట తెచ్చుకోలేదు. పాచికను అందరికీ కనిపించేలా చాప మధ్యలో పెట్టాడు. కూలిన ఆ బండ దగ్గరే నలుగురం కూర్చున్నాం.