పసుపు కింద హెచ్చరిక

ధవళేశ్వరంలో ఉషారాణి ఏం ఉద్యోగం చేస్తుందో వాళ్ల వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. కొందరు టీచరనుకుంటారు, కొందరు ఏదో కంప్యూటర్ పనిలే అని సరిపెట్టుకుంటారు. నిజానికి ఆమె పుస్తకాలు రాస్తుంది. కొత్త మోటారు కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున ఓ పల్చటి పుస్తకం ఉంటుంది చూడండి, మనం విప్పకుండానే అటక మీద పడేస్తాం, అలాంటివి. రాజమండ్రిలో రొయ్యల చెరువుల నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరేటర్లు, వాటి కరెంటు ప్యానెళ్లు తయారుచేసే ఒక కంపెనీలో ఆమె టెక్నికల్ రైటర్. మెషీన్ ఎలా బిగించాలి, ఎలా వాడాలి, ఏం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఇవన్నీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయడం ఆమె పని.

ఆ పనికే ఇప్పుడు ఎసరొచ్చింది. దసరా సెలవులకు ముందు మేనేజర్ సత్యప్రసాద్ గారు ఆమెను పిలిచి కూర్చోబెట్టారు.

"రాతంతా ఏఐ రాసేస్తోందండి. వచ్చే ఏడు మన టీంలో అందరూ ఉండరు. ఏదో ఒక సర్టిఫికేషన్ చేసినవాళ్లనే ఉంచమంటున్నారు పైవాళ్లు. మీరేది చేస్తారో సెలవులయ్యాక చెప్పండి."

మెత్తగానే అన్నారు. ఆయన కసిరి ఉంటే ఉషారాణి ఇంత భయపడేది కాదు. భర్త శ్యాంబాబు సంపాదన ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఇల్లు నిలబడింది ఆమె జీతం మీదే. ఈ వయసులో తప్పుడు కోర్సు ఎంచుకుంటే దిద్దుకునే వీలుండదని ఆమె బెంగ. అన్నం కూడా సహించడం లేదు.

ఎంచుకోవడానికి మూడున్నాయి. ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో ఎలా పనిచేయించుకోవాలో రాసే ఏపీఐ డాక్యుమెంటేషన్ మొదటిది. "కళ్లు మూసుకుని అదే చెయ్యండి మేడం, ఇక్కడ పోయినా హైదరాబాద్‌లో దొరుకుతుంది" అన్నాడు పక్క సీటు జయపాల్. ఒకసారి రాసిన ముక్కను పది పుస్తకాల్లో వాడుకునేలా అమర్చే పద్ధతి రెండోది. రాసినదాన్ని వాడేవాళ్ల చేతికిచ్చి, వాళ్లేం చేస్తారో పక్కన నిలబడి చూసి సరిదిద్దడం మూడోది. ఆ మూడోదాన్ని ఉషారాణి మొదటిరోజే కొట్టిపారేసింది. తను రాసింది అర్థంకాని వాళ్లెవరు? ఆ పాటి గర్వం ఆమెకుంది, ఉండాలి కూడా. కానీ మిగిలిన రెండింటి మధ్య గుంజాటన తెగలేదు. పెళ్లిచూపులనాడు కూడా ఆమె ఇంతగా హడలిపోలేదు.

దసరా వెళ్లిన ఆదివారం మనసు మళ్లుతుందని కాట్రేనికోన దగ్గర అన్నయ్య త్రిమూర్తులు చెరువుకి వెళ్లింది. ఒకప్పుడు వలతో సముద్రానికి వెళ్లినవాడు, ఇప్పుడు రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నాడు. చెల్లెలి కంపెనీ ప్యానెలే కావాలని పట్టుబట్టి మరీ కొన్నాడు.

వదిన సుబ్బాయమ్మ పాకలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. గోడకున్న దేవుడి అలమరలో, పటాల పక్కన, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది ఉషారాణి రాసిన పుస్తకం. దానికి బొట్టు కూడా పెట్టారు.

"అయ్యో, ఇదేంటి వదినా!" అని నవ్వింది ఉషారాణి. చాలా రోజులకు వచ్చిన నవ్వు.

"మరి? మా ఆడపడుచు రాసిందని ఊరంతా చెప్పుకున్నాం. ఆయుధ పూజనాడు అక్కడ డబ్బా మీద అంటించిన కాగితం ఉందిగా, అది కూడా నువ్వే రాశావంట కదమ్మా. మెషీన్ని వదిలేసి దానికే నిండా పసుపు రాశాను."

ఉషారాణి తల తిప్పి గట్టు మీది ప్యానెల్ వైపు చూసింది. స్టిక్కరు కనబడలేదు. పసుపు, దాని మీద కుంకుమ, ఎండిన బంతిపూల దండ. ఆ పసుపు కింద ఏముందో రాసినావిడకు తెలియదా? కరెంటు వచ్చిన వెంటనే మెషీన్ దానంతట అదే తిరుగుతుంది, మెయిన్ దించకుండా నీళ్లలో దిగవద్దు, అని ఉంది. పాత స్టార్టర్లయితే కరెంటు వచ్చాక మనిషి బటన్ నొక్కాలి. ఇది అలా కాదు.

కరెంటు పోయి కాసేపయింది. చెరువులో త్రిమూర్తులు నడుంలోతు నీళ్లలో నిలబడి, ఏరేటర్ రెక్కలకు చుట్టుకున్న నాచు రెండు చేతులతో లాగుతున్నాడు.

"అన్నయ్యా! మెయిన్ దించావా?"

"కరెంటు లేదుగా అమ్మాయ్!" అని నవ్వాడు. చేతులు రెక్కల్లోనే ఉన్నాయి.

ఉషారాణి పరుగెత్తింది. గట్టు మీద జారింది, చెప్పు ఊడింది, మోకాలు చెక్కుకుపోయింది. ప్యానెల్ తలుపు లాగి, దండతో సహా మెయిన్ హ్యాండిల్ పట్టుకుని కిందికి గుంజింది. హ్యాండిల్ మీంచి చెయ్యి తీయకముందే పక్క చెరువులో ఏరేటర్లు ఒక్కసారిగా గిర్రున తిరిగి నీళ్లు చిమ్మాయి.

కరెంటు వచ్చింది.

త్రిమూర్తులు పక్క చెరువు వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు, మెల్లగా వాటిని రెక్కల్లోంచి తీశాడు. సుబ్బాయమ్మ గట్టు మీద చతికిలబడి ఏడ్చింది. ఉషారాణి మాత్రం వరసగా ఉన్న చెరువుల వైపే చూస్తోంది. ప్రతి గట్టు మీదా తన కంపెనీ ప్యానెలే. ప్రతి ప్యానెల్ మీదా పసుపే.

మర్నాడు ఆఫీసులో ఆమె మూడో కోర్సు పేరు చెప్పింది.

సత్యప్రసాద్ గారు కళ్లజోడు తీశారు. "దాంతో మీ ఉద్యోగానికి గ్యారంటీ ఇవ్వలేనండి. పైవాళ్లు ఏపీఐ చేసినవాళ్లనే అడుగుతున్నారు."

"తెలుసండి. భయంగానే ఉందండి. కానీ నేను రాసింది నిన్న మా అన్నయ్యని చంపేదండి. తప్పు లేకుండానే రాశాను, అయినా చంపేది."

ఆమె కొత్త స్టిక్కరు బొమ్మ గీసి ముందుపెట్టింది. తలుపు బయట ఖాళీగా ఒక పెద్ద గుండ్రం, పసుపూ బొట్టూ పెట్టుకోవడానికి. హెచ్చరిక మాత్రం తలుపు లోపల, మెయిన్ హ్యాండిల్ పక్కన, చెయ్యి పడే చోట. అచ్చయ్యాక చెరువు చెరువుకీ తనే వెళ్లి అంటించి, దిగేవాళ్లు ఏం చేస్తారో చూసి వస్తానంది. దానికి ఆయన ఒప్పుకున్నారు. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.

ఉషారాణి వెళ్తూనే ఉంది, అంటిస్తూనే ఉంది. అన్ని చెరువులూ కాలేదు. ధవళేశ్వరంలో కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు వీధంతా హమ్మయ్య అంటుంది. ఉషారాణి ఒక్కతే చేతిలో పని ఆపేసి, అన్నయ్యకు ఫోన్ చేస్తుంది.

"ఎక్కడున్నావ్? గట్టు మీదేగా?"

అతను ‘ఆఁ’ అనేదాకా ఊపిరి బిగబట్టే ఉంటుంది.