రిబ్బన్ల ముడికి సరిపోయిన బండి

ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఏ పనీ కాగితం మీదికి ఎక్కేది కాదు, గుడ్డకు ఎక్కేది. సంతకు పోయే మనిషి తలగుడ్డకు ఎవరికి కావలసినదానికి వాళ్ళు ఒక ముడి వేసి పంపేవాళ్ళం. ముడి చూస్తే పని గుర్తుకు రావాలి. వచ్చేది కూడా, ఒక్క మా బండి విషయంలో తప్ప.

నేను పెనుకొండ హైస్కూల్లో చేరాల్సిన ఏడు అది. ఎదిగిన పిల్ల పల్లె నుంచి అంతదూరం నడిచి పోవడమేమిటని ఇంట్లో పట్టుబట్టారు (అందరికన్నా గట్టిగా మా నాయనే). గూడుబండి కొంటే బడి, లేకుంటే లేదు. కొన్న బండి కొట్టంలో పట్టాలి. మా ఎండకు బయట నిలిపిన చక్రాలు ఒక్క వేసవిలో బీటలిస్తాయి. అందుకని నాయన తలగుడ్డను కొట్టం వాకిలికి అడ్డంగా పట్టి, అవతలి గోడ తగిలినచోట ముడి వేసుకున్నాడు. అవ్వ బెల్లానికి ఒక ముడి వేసింది. అందరూ వేస్తున్నారు కదా అని నేనూ రిబ్బన్లకు ఇంకొకటి వేశాను, నాయన ముడికి కాస్త అవతలగా.

హిందూపురం సంతలో ఆయన బండిని ఏ ముడికి కొలిచాడో బండి ఇంటికి వచ్చాక తెలిసింది. హుషారుగా వచ్చిన ఎద్దులు వాకిట్లోనే ఆగిపోయాయి. ఇరుసు కొనలు రెండు గోడలకూ తగిలాయి. వెనక్కి లాగి, పక్కకు తిప్పి, మళ్ళీ తోశారు. లాభం లేకపోయింది. రిబ్బన్లు రాలేదు, మిగిలిన ముడులు రెండూ బెల్లానివేననుకుని నాయన రెండు దిమ్మెలు తెచ్చాడు. ఎదురింటి మామ తీరిగ్గా వచ్చి చూసి, "ఏమప్పా, కొట్టానికి బండి తెచ్చినావా, బండికి కొట్టం తెస్తాండావా?" అన్నాడు. నాయన మొహం ఎర్రబడింది. వచ్చే సంతకు తోలుకుపోయి ఇచ్చేస్తానన్నాడు. నేను కొరికిన బెల్లం ముక్కను మళ్ళీ దిమ్మె పక్కన పెట్టేశాను.

వాకిలి పక్క గోడకు ఆనుకుని అవ్వ తిన్నె ఉండేది. కూర్చోవడం, పడుకోవడం, ఊరి మంచిచెడ్డలు విచారించడం అంతా దానిమీదే. అవ్వ లేచి బొంత చుట్టి చంకన పెట్టుకుంది.

"ఈ గోడా తిన్నే తీసేయ్‌రా. పాప బడికి పోవల్ల."

"నువ్వు యాడ పడుకుంటావుమ్మా?"

"బండి ఉండాది కదా."

నిజంగానే చాలా రోజులు ఆ బండిలోనే పడుకుంది. ఉదయం ఆమెను లేపితేగానీ నా బడి మొదలయ్యేది కాదు. ఆ బండే నన్ను హైస్కూలుకు, తర్వాత కాలేజీకి పోయే రైలుకు చేర్చింది.

ఇప్పుడు ధర్మవరంలో, బాబును నిద్రపుచ్చి ఇది రాస్తున్నాను. వాడి దగ్గు మందు, పాలామెకు చెప్పాల్సిన మాట, డాక్టరును అడగాల్సిన సందేహం, అన్నీ నా కొంగుకు ముడులే (బి.ఏ. చదివాను, ఇంట్లో కాగితానికీ కలానికీ కొదవ లేదు, అయినా). ఇందాక మా ఆయన ఒక ముడి పట్టుకుని, ఇది దేనికని అడిగారు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అవ్వను మరిచిపోకుండా వేసుకున్నదేమో అనిపించి, విప్పకుండా అలాగే ఉంచాను.