తమ్ముడి వంతు సూది

ఆ జైల్లో అన్నది వడ్రంగి పని, తమ్ముడిది క్షవరాల పని. గట్టు తగాదాలో ఇద్దరూ ఒకే కేసులో లోపలికొచ్చారు. ఒకే ఎత్తు, ఒకే ముక్కు. చొక్కా మీద నంబరు చూస్తే తప్ప వార్డర్లకు కూడా తేడా తెలిసేది కాదు. తమ్ముడు రోజుకు నలభై గడ్డాలు గీసేవాడు, వేళ్లు తెగుతూనే ఉండేవి. వాణ్ణి క్షేమంగా ఇంటికి తెస్తానని అన్న తల్లికి మాటిచ్చాడు.

రక్తం ద్వారా అంటుకునే కామెర్లు రాకుండా ఖైదీలందరికీ టీకాలు వేయడానికి నర్సమ్మ వచ్చింది. ఆర్నెల్లలో మూడు సూదులు. తమ్ముడికి సూదంటే చచ్చేంత భయం, చూస్తేనే కళ్లు తిరిగి పడిపోతాడు. బడిలో వాడి దెబ్బలు కూడా తనే తిన్న అన్నకు ఇదో లెక్కా? తన వంతు అయ్యాక మరుగుదొడ్ల వెనక చొక్కాలు మార్చుకుని, మళ్లీ వరసలో నిలబడి రెండో చేయి చాపాడు. మూడుసార్లూ అంతే. ప్రేమ ఒక్కటే ఉంటే చాలదు, కాస్త బుర్ర కూడా ఉండాలి.

టీకా పనిచేసిందో లేదో చూడ్డానికి చివర్లో రక్తం తీశారు. అదీ సూదే. అదీ అన్నే ఇచ్చాడు. ఇద్దరికీ రక్షణ దివ్యంగా ఉందని కాగితం వచ్చింది. అన్నదమ్ములు నవ్వుకున్నారు.

ఏడాది తిరక్కుండానే తమ్ముడి కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు ఆ కాగితం చూసి, ఇది ఆ జబ్బు కాదులే అని వేరే మందులిచ్చాడు. ఆ కాగితం తన రక్తానిదేనని అన్నకు తెలుసు. నిజం చెబితే ఇద్దరికీ శిక్ష తగ్గింపు పోతుంది. విడుదలేమో వచ్చే నెలే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఆరు రోజులు నోరు విప్పలేదు. ఏడో రోజు తమ్ముడు అన్నను గుర్తుపట్టక, "ఎవరండీ మీరు?" అన్నాడు.

అన్న డాక్టరు కాళ్ల మీద పడి అంతా కక్కేశాడు. డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా ఒంట్లో ఇద్దరి మందూ ఉందయ్యా. వాడిది వాడికి తీసివ్వండి," అన్నాడు అన్న, చొక్కా చేయి పైకి మడిచి.

"ఇప్పుడది పనికిరాదయ్యా," అన్నాడు డాక్టరు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు పోయాడు. కబురందుకుని తల్లి వచ్చింది. ములాఖత్ గదిలో జాలీకి అవతల కూర్చుని ఆమె అడిగింది ఒక్కటే.

"అందరికీ సూదులేశారటగా. వాడికెందుకు వెయ్యలేదురా?"

"వాడివి కూడా నేనే వేయించుకున్నానమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. అన్న మొదటినుంచీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.