ఆఖరి ఓవర్ చూడనివాళ్లు

రెండు వేల ఏడెనిమిది ప్రాంతంలో, ఒమన్‌లో సలాలా నుంచి మస్కట్ వెళ్లే బస్సులో నా పక్కన జగిత్యాల వైపు అతను కూర్చున్నాడు. పెదవి చిట్లింది, చొక్కా జేబు చిరిగింది. అడక్కుండానే చెప్పాడు.

"నిన్న ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ గదా అన్నా. లేబర్ క్యాంపుల టీవీ ముంగట కొట్టుకున్నం. కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతున్నది."

"నిన్ను కొట్టినవాణ్ణి ఏం చేశారు?"

నడవకు అవతలి సీటు చూపించాడు. అక్కడ కన్ను వాచిన పాకిస్తానీ ఒకడున్నాడు.

"ఆయననే. ఇద్దరిది ఒకటే రూమ్, ఒకటే పొయ్యి."

అవతలివాడు పొట్లం విప్పి, రొట్టె సగం తుంచి ఇటు చాచాడు. ఇతను తీసుకున్నాడు.

"ఆడెటోళ్లు ఆట అయినంక చేతులు కలుపుకొని పోతరు. దేశం దేశమని ఒర్రినందుకు మా కొలువులు పోయినయి."

రొట్టె నములుతూ అటు వంగి, మ్యాచ్ ఎవరు గెలిచారని హిందీలో అడిగాడు. పాకిస్తానీ తల అడ్డంగా ఊపాడు. ఆఖరి ఓవర్ పడకముందే ఇద్దరినీ పోలీసులు పట్టుకుపోయారట, పొద్దున ఠాణా నుంచే బస్సెక్కించారట.

ఇద్దరూ నా వైపు చూశారు.

ఆఖరి బంతి దాకా చూసినవాణ్ణే అయినా, నేనూ చూడలేదన్నాను.